పండుకున్న ముగ్గు

వెడల్పాటి టీవీ కొన్న కొత్తలో ఆ వెడల్పంతా నాదే అనుకున్నాను. నా తెలివితక్కువతనం అక్కడే మొదలైంది. పాత సినిమా వేస్తే తెరకు అటూ ఇటూ నల్లపట్టీలు మిగిలేవి. అవి చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమనేది. చేనంతా కొనుక్కుని, రెండు గట్ల వారా బీడు వదిలేసి, నడిమధ్యలో మాత్రం శనక్కాయ వేసినట్టు ఉండేది. ఒకరోజు రిమోట్‌లో ఏదో నొక్కితే బొమ్మ ఒళ్లు విరుచుకుని రెండు అంచుల దాకా పాకింది. హీరో భుజాలు అటు గోడకూ ఇటు గోడకూ ఆనాయి. హీరోయిన్ ఒకే పూట రెండు పెళ్లి భోజనాలకు వెళ్లొచ్చినట్టు తయారైంది. బీడంతా సాగులోకి వచ్చిందని నేను సంబరపడ్డాను. సాగింది బొమ్మేనని తెలుసుకోలేదు.

మా బావ వచ్చేదాకా ఆ సాగుబడి అట్లాగే సాగింది.

బావ అంటే మా అక్క మొగుడు. అనంతపురం పాతూరులో నూనెగింజల అంగడి ఆయనది. ఆ రోజు మా ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూనే హాల్లోకి తొంగి చూసి, గడప మీదే నిలబడిపోయాడు.

"ఏమప్పా, ఈ జనాలకి ఏమొచ్చింది? ఊరంతటికీ గవదబిళ్లలు లేసినాయా?"

నా చేతిలోని రిమోట్ ఆయన చేతిలోకి పోయింది. అడగలేదు, తీసుకున్నాడు. ఏవేవో నొక్కాడు. అందరూ ఒక్కసారిగా చిక్కిపోయారు, నల్లపట్టీలు తిరిగి వచ్చి కూర్చున్నాయి. నిలువుదోపిడీ సంగతి విన్నాను గానీ, అడ్డంగా దోచుకోవడం నా కళ్లముందే జరిగింది. ఆయన అంతటితో ఆగలేదు.

"చెల్లెమ్మా, ఒక గాజు ఇయ్యి," అన్నాడు నా భార్యతో.

ఆమె బిత్తరపోయి, ఎందుకని అడక్కుండా చేతి గాజు ఒకటి తీసి ఇచ్చింది. ఆయన దాన్ని పట్టుకుని తెర ముందు కాచుకున్నాడు. పాటలో ఎద్దులబండి వచ్చింది. చక్రం మీద గాజు ఆనించి, బండితోపాటు తానూ జరుగుతూ, గాజు చుట్టూ సందు సమానంగా ఉందో లేదో చూసుకున్నాడు. ఉంది.

"గుండ్రంగా ఉండాల్సింది గుండ్రంగా ఉండాల. ఇంక నీళ్లియ్యండి," అని అప్పుడు కుర్చీలో కూలబడ్డాడు.

ఆయన పోయి ఏడాది దాటింది. ఇదంతా ఇప్పుడు గుర్తు రావడానికి కారణం నా చెయ్యే. పోయిన వారం కళ్యాణదుర్గం బస్టాండు దగ్గర టీ హోటల్లో కూర్చున్నాను. నాది అక్కడే ఉద్యోగం, సాయంత్రం అనంతపురం బస్సు కోసం కాచుకోవడం అందులో భాగం. గోడమీద టీవీలో వార్తలు. చదివే అమ్మాయి మొహం పూరీలాగా పొంగి ఉంది. నాకు తెలియకుండానే నా చెయ్యి గల్లాపెట్టె మీదున్న రిమోట్ మీదికి పోయింది.

"ఏమన్నా, మార్చొద్దు, జనం చూస్తాండారు," అన్నాడు హోటలాయన.

"మార్చేది లేదప్పా. సన్నం చేస్తాండా."

"ఎవురిని?"

"అందరినీ."

మూల బెంచీ నిండా కూర్చుని బన్ను ముంచుకు తింటున్న పెద్దామె తలెత్తింది. "ఆ బటన్ నా మీద గూడా ఒకసారి నొక్కు నాయనా," అంది.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ నా చేతిలో ఉన్నది మా బావ చెయ్యి అని నాకు తెలిసిపోయింది.

మనిషి కరెంటు స్తంభమంత పొడుగు, లావు కూడా దాదాపు ఆ స్తంభమంతే. ఏ తెర కనిపించినా ముందు ముక్కు ఆనేంత దగ్గరికి పోయి చూసేవాడు. తర్వాత వెనక్కి నడుచుకుంటూ, వెనకున్నవాళ్ల కాళ్లు తొక్కుకుంటూ, వీధి వాకిలి దాకా పోయి కళ్లు సగం మూసి చూసేవాడు. బంధువుల ఇళ్లలో ఆయన వస్తున్నాడంటే ఆడవాళ్లు కాఫీకి నీళ్లు పెట్టి, ఒక గాజు తీసి సిద్ధంగా పెట్టేవాళ్లు. ఒక పెళ్లిలో వేదిక పక్కన పెద్ద తెర పెట్టి పెళ్లికూతురిని చూపిస్తున్నారు. పిల్ల సన్నజాజి మొగ్గలాంటిది, తెరమీద మాత్రం కలకత్తా బంతిపువ్వు. బావ భోజనాల పంక్తి వదిలేసి వీడియో అతని దగ్గరికి పోయాడు.

"అన్నా, నువ్వు పెళ్లికూతురిని చూపిస్తాండావా, దోసె పోస్తాండావా?"

వీడియో అతను మొదట కోపం తెచ్చుకున్నాడు, తర్వాత సరిచేశాడు. పెళ్లికూతురి తల్లి పంక్తిలోకి వచ్చి బావ విస్తట్లో రెండో లడ్డు వేసింది.

ఈ గుండ్రాల పిచ్చి ఆయనకు టీవీతో రాలేదు, ముగ్గుతో వచ్చింది.

పెళ్లయిన కొత్తలో బావ బెంగళూరు పోయి ఒక కంప్యూటర్ తెచ్చుకున్నాడు. అంగడి లెక్కలకని చెప్పి వాళ్ల నాయనను ఒప్పించాడు. ఆ యంత్రంలోకి అంగడి లెక్క ఒక్కటీ ఎక్కలేదు. ఆయనకు లెక్కలమీద కంటే చుక్కలమీద మనసు. పుస్తకం చూసి తనే నేర్చుకుని, ముగ్గులు గీసే ప్రోగ్రాం ఒకటి రాశాడు. పొద్దున్నే మీట నొక్కితే గుర్రుమని లేచి, నల్లటి తెరమీద చుక్కలు పెట్టి, వాటి చుట్టూ మెలికలు తిప్పి, రేకులు అద్ది, రంగులు నింపేది. రోజుకొక కొత్త ముగ్గు. పక్కనే కాఫీ గ్లాసుతో బావ, గుమ్మానికి ఆనుకుని అక్క. ఆమె అది ఒకసారి చూసుకుని, పోయి వాకిట్లో వేసేది.

దానికి ఆయన పెట్టిన షరతు ఒకటే. "తెరమీద యాట్లుంటే అట్లే గియ్యాల. నీ సొంత తెలివి కలపొద్దు."

అక్క ముగ్గులో చెయ్యి తిరిగిన మనిషి. పైకి "నీ డబ్బా నాకు నేర్పేదా," అనేది గానీ, షరతు మాత్రం తప్పేది కాదు. వాళ్లిద్దరూ పొద్దున పూట కూర్చుని మాట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ముగ్గే వాళ్ల మాట. టాంకరు రాని రోజుల్లో వాకిట్లో చల్లడానికి నీళ్లుండవు, దుమ్ములో ముగ్గు నిలవదు. ఆ రోజు కూడా అక్క వచ్చి తెర చూసి పోయేది.

ఇంట్లో ఏ వస్తువూ బతకనన్ని ఏళ్లు బతికాయి ఆ కంప్యూటరూ, దాని ముందున్న పెద్దబుర్ర గాజు మానిటరూ. ఒక శ్రావణమాసంలో కరెంటు ఎక్కువ తక్కువై మానిటర్ మాత్రం టప్‌మని ఆరిపోయింది. బావ ఆ వారం ఆదోని మార్కెట్‌కు పోయి ఉన్నాడు. మర్నాడు వరలక్ష్మీ వ్రతం. అక్క ఫోన్ చేసింది. నేను పరిగెత్తాను. టీవీ విషయంలో అంత పాఠం జరిగినా బుర్రకెక్కని వాడిని కాబట్టి, వెడల్పాటి పల్చటి మానిటర్ ఒకటి కొనుక్కుని మరీ పరిగెత్తాను.

తగిలించాను. ముగ్గు వచ్చింది. చక్రం ముగ్గు, ఎనిమిది రేకులు. రెండు పక్కలా కాస్త నలుపు మిగిలితే, మెనూలోకి పోయి నిండుగా వచ్చేలా చేశాను. "చూడక్కా, ఎంత నిండుగా ఉందో," అన్నాను. అక్క చాలాసేపు చూసింది. ఒక్కమాట అనలేదు. ఆమె ఏమీ అనలేదంటే బాగుందనే అర్థం చేసుకున్నాను. తమ్ముడిగా అన్నేళ్ల అనుభవం ఆ క్షణంలో నాకెందుకూ పనికి రాలేదు.

పొద్దున ఎదురింటామె పసుపు కుంకుమల పళ్లెంతో వచ్చి వాకిట్లోనే ఆగిపోయింది. "ఏమక్కా, నీ ముగ్గు పండుకొనింది?" అంది.

నిజంగానే పండుకుంది. చక్రం కాస్తా కోడిగుడ్డయింది. అటూ ఇటూ రేకులు ప్రహరీగోడలను తాకుతున్నాయి, పైనా కిందా రేకులు అణిగిపోయాయి. పేరంటానికి వచ్చిన ప్రతి ఆడమనిషీ ఒకసారి ముగ్గునూ ఒకసారి అక్కనూ చూసి లోపలికి వచ్చింది. అదే సమయానికి ఆదోని బస్సు దిగి, ఆటోలో బావ వచ్చాడు. సంచి చంకలో పెట్టుకుని ముగ్గు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఎవురు చేసినారు ఇది?"

"నువ్వే గదా," అంది అక్క గుమ్మంలోంచి. "తెరమీద యాట్లుంటే అట్లే గియ్యమన్నావు. నా సొంత తెలివి కలపలే."

"తెర ఎవురిది?"

అక్క నావైపు చూసింది. ఎదురింటామె నావైపు చూసింది. పళ్లేలు పట్టుకున్న పేరంటమంతా నావైపు చూసింది. పట్టపగలు చుక్కలు కనిపించడమంటే ఏమిటో ఆ వాకిట్లోనే తెలిసింది నాకు.

పేరంటం అయిపోయాక అక్క తేల్చి చెప్పింది. "ఆ ఎడల్పు తెర సరిచేసేదాకా నీ డబ్బా ముగ్గు నా వాకిట్లోకి రాదు. ఆడోళ్ల ముందర నా పరువు పండుకొనింది."

మర్నాటినుంచి ఆమె తన ముగ్గు తనే వేసుకుంది. బావ పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చునేవాడు, గుర్రుమని అది లేచేది, గుమ్మం దగ్గర ఎవరూ ఉండేవాళ్లు కాదు. కాఫీ సగం వదిలేస్తున్నాడని అక్కే చెప్పింది.

ఆ గుమ్మంలోకి మనిషిని తిరిగి రప్పించడానికి బావ పడిన పాట్లలో సగం నావి కూడా. తప్పు నాది కాబట్టి మోతబరువు నామీద పడింది. మొదట రెండు పక్కలా నలుపు వదిలి ముగ్గును లేపి కూర్చోబెట్టాడు. గుండ్రం వచ్చింది గానీ ఒక గీత లావు, పక్కదే సన్నం. నాకు అర్థం కాకపోతే అంగట్లో బల్లమీద శనక్కాయలు పరిచి చూపించాడు.

"నా ముగ్గులో చుక్కలు ఇన్నే. ఈ పల్చ మానిటర్‌లో గుంతలు, అంటే చుక్క పెట్టే చోట్లు, శానా ఎక్కువ, కానీ సరిగ్గా రెండింతలో మూడింతలో కాదు, రెంటికీ నడుమ. ఒక చుక్కకు రెండు గుంతలు, పక్క చుక్కకు మూడు గుంతలు ఇచ్చుకుంటా పోతే ఏమైతాది?"

"సాళ్లు తప్పుతాయి."

"అదీ. విత్తే గొర్రు పట్టినోడు తాగినట్టుంటాది."

పైగా మసక. పాత కంప్యూటర్ బొమ్మ పంపిస్తే కొత్త మానిటర్ దాన్ని అక్షరాల పేజీ అనుకుని, చుక్కలను అందుకు తగ్గట్టు కోసుకుంటోందట. "బొమ్మ చూపిస్తే చదవబోయే రకమప్పా ఇది, నీ మాదిరి," అన్నాడు. బొమ్మను బొమ్మగా పట్టుకుని, ప్రతి చుక్కనూ సమానంగా పెంచి ఇచ్చే చిన్న డబ్బా ఒకటి నడుమ పెట్టాలని కనుక్కుని బెంగళూరు నుంచి తెప్పించాడు. ఇక కావలసింది తగిన తెర. అడ్డంగా తన చుక్కలకు సరిగ్గా అయిదింతలు, నిలువుగా సరిగ్గా ఆరింతలు గుంతలుండే పల్చ మానిటర్.

నేను వెంటనే పట్టేశాను. "బావా, అడ్డం అయిదు, నిలువు ఆరు అంటే మళ్లీ సాగదీసినట్టే కదా?"

"ఆ పాత చుక్కలు పుట్టుకతోనే కొంచెం పొడుగురా. నా మాదిరి."

అట్లాంటి తెరలు ఇప్పుడు ఎవరూ తయారు చెయ్యరు. ఊళ్లో ఇంటర్నెట్ సెంటర్లు మూసేసినవాళ్ల సామాన్లన్నీ వెతికాం. శింగనమలలో ఎవరి దగ్గరో ఉందంటే మోటారు సైకిల్ మీద పోయి, దుమ్ము కొట్టుకుని, అది కాదని తేల్చుకుని వచ్చాం. చివరికి ఒక స్కాన్ సెంటర్ మేనేజరు, మా బావ దగ్గర గానుగనూనె తీసుకునేవాడు, ఎక్స్‌రేలు చూసుకునే పాత మానిటర్ అటకమీద పడేశామన్నాడు. రెండు డబ్బాల నూనె ఇచ్చి తెచ్చుకున్నాం. ఆటోలో దాన్ని నా ఒళ్లో పెట్టి, బావ ఇల్లు చేరేదాకా ఒకటే మాట.

"నిలబెట్టి పట్టుకో. నీకు పండబెట్టే అలవాటుండాది."

తగిలించాడు. నడుమ పెట్టిన డబ్బా మీద చిన్న దీపం వెలిగింది. కంప్యూటర్ గుర్రుమంది. చుక్కలు ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి, దేని చోట అది. ప్రతి గీతా ఒకే లావు. అంచులు కత్తిరించినట్టున్నాయి. చక్రం చక్రంలాగా ఉంది. కాకపోతే అంతా తెలుపూ నలుపూ. మేము మరిచిపోయిన సంగతొకటి ఉంది. ఎముకలు చూసే తెరకు రంగులతో పనిలేదు.

బావ మొహం పాలిపోయింది. నేను గోడవైపు చూస్తూ నిలబడ్డాను. అప్పుడు గుమ్మం దగ్గర గాజుల చప్పుడయింది.

అక్క తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ఒక గాజు తీసి తనే తెరకు ఆనించింది. నడిమి చక్రం చుట్టూ చూసింది. తర్వాత ఒక్కో రేకు దగ్గరికీ జరిపింది.

"రంగులు యాడ పోయినాయి?"

"అది బొక్కలు చూసే స్క్రీను. దానికి రంగులు తెలీవు," అన్నాడు, అంత చిన్న గొంతు ఆయనకుందని నాకు అప్పుడే తెలిసింది.

అక్క ఇంకోసారి చూసింది. "ముగ్గుపిండి తెల్లగానే ఉంటాదిలే," అంది. గాజు మాత్రం చేతికి వేసుకోలేదు. బావ జేబులో వేసి పోయింది.

మర్నాడు టాంకరు వచ్చే రోజు. వాకిలి తడిసింది, చక్రం ముగ్గు పడింది. ఎదురింటామె పాలగిన్నెతో వచ్చి చూసి, "లేసి కూచునిందే," అంది. బావ అరుగుమీద నిలబడి కాఫీ అడుగంటా తాగాడు.

ఇక్కడితో నా తప్పు మాఫీ అయి ఉండాల్సింది. కాలేదు. ఆ రోజునుంచి నన్ను ఎవరికి పరిచయం చేసినా బావ నా పేరు చెప్పడం మానేశాడు. "వీడు ముగ్గును పండబెట్టిన నా బామ్మర్ది," అనేవాడు. పెళ్లిళ్లలో, ఆసుపత్రిలో, ఆర్టీసీ కండక్టరుతో, అందరితో. ఒకసారి మా ఆఫీసుకు వచ్చి కొత్త ఆఫీసరుతో కూడా అదే అన్నాడు. ఆయన వివరమంతా అడిగి తెలుసుకుని, "ఓహో, అయితే ఫైళ్లు కూడా మీ చేతిలో పడే పండుకుంటున్నాయా?" అన్నాడు. ఆయన బదిలీ అయి వెళ్లేదాకా నేను భరించాను.

అందుకని బావ చివరిసారి మా ఇంటికి వస్తున్నప్పుడు నేను పకడ్బందీగా తయారయ్యాను. టీవీని ముందే సరిచేశాను. రెండు పక్కలా బీడు వదిలాను. నా భార్య గాజుతో కొలిచి కూడా చూసుకున్నాను.

ఆయన అక్క భుజం పట్టుకుని మెట్లెక్కాడు. అప్పటికే మనిషి మరీ సన్నబడ్డాడు. కూర్చోకుండా రిమోట్ తీసుకున్నాడు, జేబులోంచి అక్క గాజు తీశాడు. పెట్టాడు. సరిపోయింది. ఛానల్ మార్చాడు. సరిపోయింది. ఇంకొకటి మార్చాడు. గాజు దించి నావైపు తిరిగాడు.

"ఎవురు చేసినారు?"

"నేనే బావా."

"ఊఁ," అన్నాడు.

నా జన్మలో అంత తియ్యటి ఊఁ వినలేదు. కానీ ఆ తీపి కాఫీ వచ్చేదాకా కూడా నిలవలేదు. ఆయన రిమోట్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బొటనవేలు ఊరికే దానిమీద తిరుగుతోంది. లేచి, నిటారుగానే ఉన్న క్యాలెండర్‌ను నిటారుగా సర్ది, మళ్లీ కూర్చున్నాడు. పోయేటప్పుడు ఆటో ఎక్కబోయి, చేతిగుడ్డ మరిచినానంటూ తనే మెల్లగా మెట్లెక్కి లోపలికి పోయాడు. చాలాసేపటికి వచ్చాడు.

సాయంత్రం నా భార్య టీవీ పెట్టింది. ఊరంతటికీ గవదబిళ్లలు.

వెంటనే ఫోన్ చేశాను. "బావా, నా టీవీని సాగదీసినావా?"

"నీకు నిండుగా ఉంటేనే గదప్పా తృప్తి," అన్నాడు. గొంతులో పాత హుషారు. "దసరాకు వస్తా గదా, సరిచేస్తాలే. అంతవరకు నువ్వు ముట్టుకోవద్దు."

దసరా రాకముందే ఒకరాత్రి పండుకున్నవాడు పండుకున్నట్టే పోయాడు.

ఇప్పుడు బయట ఎక్కడ టీవీ కనిపించినా నా చెయ్యి ఊరుకోదు. ఇంట్లో మాత్రం ముట్టుకోలేదు. నా భార్య విసుక్కుంటుంది. మా అమ్మాయి, ఈ టీవీలో అన్ని సినిమాలూ ఒకే కుటుంబం మీద తీసినట్టున్నాయి అంటుంది. నేను వినను. ఇంటికి ఎవరొచ్చి అడిగినా మొహం మీద నవ్వు రానీయకుండా పరిచయం చేస్తాను: "ఈ టీవీని పండబెట్టింది మా బావ."

పోయిన నెల అక్క వచ్చింది. పొద్దున్నే కంప్యూటర్ ఇప్పుడు తనే వేసుకుంటుందట, గుర్రుమనడం కొంచెం ఎక్కువైందట. మాట్లాడుతూ టీవీవైపు చూసి ఆగిపోయింది.

"ఎవురు చేసినారురా ఇది?"

"ఇంకెవురు, నీ మొగుడే. టీవీని పండబెట్టిన మా బావ."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. "మెల్లగా అనురా. ఆయన చెవిన పడితే లేసొచ్చి సరిచేసి పోతాడు."

"అందుకే గదక్కా, అందరికీ గట్టిగా చెప్తాండేది."